అక్క ఒకరు, చెల్లెలు ఒకరు: బోల్టన్ వివాహ రిజిస్టర్ల నుంచి ఒక కేస్ స్టడీ

ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతంలో, బోల్టన్ పట్టణంలో పంతొమ్మిదో శతాబ్దం తొలి సగంలో బతికిన ఒక చేనేత కార్మికుడి వంశవృక్షాన్ని సరిచూసి పెట్టమని ఆ వంశానికి చెందిన పెద్దాయన ఒకరు నన్ను అడిగారు. డెబ్బై దాటిన ఆయన ఇరవై ఏళ్లుగా సొంతంగా పోగుచేసిన కాగితాలన్నింటినీ తేదీల వారీగా సర్ది, ఒక అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. ఆయన గీసుకున్న వృక్షంలో నేతగాడికి భార్య ఒక్కరే, పిల్లలు ఎనిమిది మంది. అయితే మొదటి ముగ్గురు పిల్లల బాప్తిస్మ నమోదుల్లో తల్లి పేరు ఒకటి ఉంటే, తర్వాతి ఐదుగురి నమోదుల్లో మరొకటి ఉంది. రెండోది ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు అయి ఉంటుందని పెద్దాయన సమాధానపడి, వృక్షంలో ఆమె పేరు పక్కన పెన్సిల్‌తో ‘ముద్దుపేరు’ అని రాసుకున్నారు. అలా సమాధానపడటానికి ఆయనకు గట్టి ఆధారమే ఉంది. 1837 తర్వాత పుట్టిన పిల్లలందరి జనన ధ్రువపత్రాల్లోనూ తల్లి పుట్టినింటి ఇంటిపేరు ఒక్కటే.

ఈ కుటుంబం వారు ఇప్పటికీ ఆ ప్రాంతంలోనే ఉన్నారు కాబట్టి పేర్లు రాయడం లేదు. ఇక్కడ నేతగాడు, అక్క, చెల్లెలు అనే మాటలే వాడుతున్నాను. దానితో ఫలితం ముందే తెలిసిపోతుందని నాకు తెలుసు, కానీ తోటి పరిశోధకులతో నేను పంచుకోదలచింది ఆ ఫలితానికి ఏ కాగితాల మీదుగా, ఏ తప్పుల మీదుగా చేరానన్నదే.

ముందుగా ఆ ఊరి గురించి కొంత చెప్పాలి. బోల్టన్ పాత పారిష్ (ఒక చర్చి, అంటే ఒక గుడి, కిందికి వచ్చే ప్రాంతం) పేరు బోల్టన్-లె-మూర్స్. అది ఒక ఊరికి ఒక గుడి అన్న లెక్కలో ఏర్పడిన పారిష్ కాదు. గ్రేట్ బోల్టన్, లిటిల్ బోల్టన్, టర్టన్, ఎడ్జ్‌వర్త్, ఎంట్విజిల్, హార్‌వుడ్, రివింగ్టన్ మొదలైన ఎన్నో టౌన్‌షిప్‌లు బీడుకొండల మీద మైళ్ల దూరం విస్తరించి ఒకే పారిష్‌గా ఉండేవి, వాటన్నింటికీ తల్లి గుడి సెయింట్ పీటర్స్. నూలు మిల్లులు వచ్చాక జనం ఇక్కడికి పోటెత్తారు, కొత్త గుళ్లు ఒకటొకటిగా లేచాయి, అయినా చాలామంది పెళ్లికి పాత తల్లి గుడికే నడిచి వచ్చేవారు. 1779లో నూలు వడికే ‘మ్యూల్’ యంత్రాన్ని తయారుచేసిన శామ్యూల్ క్రాంప్టన్ ఈ ఊరివాడే. 1827లో ఆయనను ఖననం చేసింది కూడా సెయింట్ పీటర్స్ ప్రాంగణంలోనే. ఆ యంత్రం సన్నటి నూలు ఇచ్చింది కాబట్టే బోల్టన్ మగ్గాల మీద మస్లిన్ నేయడం సాధ్యమైంది. అంతకు ముందు ఇంగ్లండ్ సన్నబట్ట కోసం మన దేశం వైపు చూసేది, మచిలీపట్నం రేవు నుంచి వెళ్లిన అద్దకం బట్టలు కూడా ఆ వ్యాపారంలో భాగమే. ఈ రిజిస్టర్లలో వరుడి వృత్తి దగ్గర ‘నేతగాడు’ అన్న మాట చదివినప్పుడల్లా, ఆ మగ్గం ఆడిన కాలంలోనే కృష్ణా, గోదావరి తీరాల్లో మూతబడిన మగ్గాలు నాకు గుర్తుకు వస్తాయి.

రిజిస్టర్ల చరిత్రలో ఈ కేసుకు పనికివచ్చే మెట్లు మూడు. 1538లో రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో ప్రతి పారిష్ బాప్తిస్మాలు, వివాహాలు, ఖననాలు పుస్తకంలో రాయడం మొదలైంది, కానీ వివాహమంటే అప్పట్లో తరచుగా ఒకే ఒక్క పంక్తి, రెండు పేర్లు, ఒక తేదీ. రెండో మెట్టు హార్డ్‌విక్ చట్టం. 1753లో వచ్చి 1754 మార్చి 25 నుంచి అమలైన ఆ చట్టం క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారికి, యూదులకు తప్ప అందరికీ పారిష్ గుడిలోనే పెళ్లి జరగాలని, ముందుగా మూడు ఆదివారాలు ప్రకటన చదవాలని లేదా లైసెన్సు తీసుకోవాలని, వధూవరులు, పాదిరి, ఇద్దరు సాక్షులు రిజిస్టర్‌లో సంతకం చేయాలని విధించింది. మన చర్చిల్లో చదివే పెళ్లి ప్రకటన తెలుగు క్రైస్తవ పాఠకులకు పరిచయమైనదే. ‘అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పాలి’ అన్న ఆ ప్రశ్న ఈ కథలో చాలా పెద్ద పాత్ర వహిస్తుంది.

మూడో మెట్టు 1837 జూలై 1. ఆ రోజు నుంచి పౌర నమోదు, అంటే జనన మరణ వివాహాలను ప్రభుత్వమే రాయించడం, మొదలై, గుళ్లలోని వివాహ రిజిస్టర్లకూ కొత్త అచ్చు పత్రం వచ్చింది. పేజీకి రెండు వివాహాలు. వయసు, వైవాహిక స్థితి, వృత్తి, నివాసం, ఇద్దరి తండ్రుల పేర్లు, ఆ తండ్రుల వృత్తులు. తల్లి పేరుకు చోటు లేదు. ఇంగ్లండ్, వేల్స్ వివాహ నమోదుల్లో తల్లి పేరు చేరింది 2021 మే 4న మాత్రమే. నూట ఎనభై ఏళ్లకు పైగా ప్రతి వధువూ ఒక తండ్రి కూతురిగానే ఆ పుస్తకాల్లోకి ఎక్కింది. ఇంకో చిన్న సంగతి: పెళ్లికాని స్త్రీకి ఆ పత్రాల్లో వాడిన ‘స్పిన్‌స్టర్’ అన్న మాటకు అసలు అర్థం నూలు వడికేది అని. నూలు మిల్లుల ఊళ్లో, పొద్దున్నే మిల్లుకు వెళ్లే అమ్మాయి పేరు ఎదురుగా ఆ మాట కనబడటం చదివేవారిని కాసేపు ఆపుతుంది.

ఇక అసలు కేసు. నన్ను అడిగిన పని సులభంగానే తోచింది: నేతగాడి వివాహ నమోదు వెతికి, భార్య అసలు పేరు తేల్చడం. డబ్బు కట్టి వాడే ఒక వెబ్‌సైట్‌లోని ఇండెక్స్‌లో గంటలోపే అది దొరికింది. సెయింట్ పీటర్స్ గుడి, 1830ల నడిమి కాలం, వరుడు మన నేతగాడు, వధువు పేరు మొదటి ముగ్గురు పిల్లల తల్లి పేరే. అదే ఆమె అసలు పేరని, రెండోది ముద్దుపేరన్న ఊహే సరైనదని నేను పెద్దాయనకు ఉత్తరం రాసేశాను. అది నా తప్పు. ఇండెక్స్‌లో ఉన్నవి రెండు పేర్లు, ఒక తేదీ, ఒక గుడి మాత్రమే. రిజిస్టర్ పేజీ బొమ్మను తెరిచి చూడకుండా ఉత్తరం రాయకూడదు. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి నేను మొదట చెప్పే మాట అదే, ఆ రోజు నేనే దాన్ని పాటించలేదు.

వారం తర్వాత ఫైలు మూసేముందు పేజీ బొమ్మను తెరిచాను. నమోదు అచ్చు పంక్తుల మధ్య పొందికగా ఉంది: ఇద్దరూ ఇదే పారిష్ వారు, ప్రకటనలు చదివిన మీదట వివాహం. వరుడి పేరు ఎదుట గుణకారం గుర్తు, వధువు పేరు ఎదుట మరో గుణకారం గుర్తు. మన దస్తావేజుల్లో నిశాని అంటామే, సరిగ్గా అదే; పాదిరి ఇద్దరి పేర్లూ రాసి, మధ్యలో వాళ్ల చేత గీత వేయించాడు. సాక్షులు ఇద్దరు. ఒకరు గుడి గుమాస్తా, ఆ పేజీలోనూ దాని ముందు వెనుక పేజీల్లోనూ ప్రతి పెళ్లికీ అతనే సాక్షి. రెండో సాక్షి సంతకం మాత్రం స్పష్టంగా, నిదానంగా, పాఠశాలలో దిద్దించిన చేతిరాతలో ఉంది. ఆ పేరు చదివాక నేను ఉత్తరం నకలు తీసి పక్కన పెట్టుకున్నాను. తర్వాతి ఐదుగురు పిల్లల తల్లి పేరు అది. ఇంటిపేరు వధువు ఇంటిపేరే.

అంటే ముద్దుపేరు అనుకున్నది ఆ పెళ్లికి సాక్షిగా నిలబడిన మరో మనిషి పేరు. అక్కకు రాత రాదు, చెల్లెలికి వచ్చు. ఆ కాలపు మిల్లు ఊళ్లలో ఇది వింత కాదు. పెద్దపిల్ల చిన్నప్పటి నుంచే పనిలో పడుతుంది, తర్వాత పుట్టినవాళ్లకు సండే స్కూల్‌లో నాలుగు అక్షరాలు అబ్బే వీలు దొరుకుతుంది. అయితే ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన వాళ్లు అక్కాచెల్లెళ్లే కానక్కర్లేదు, చిన్నాన్న కూతురైనా కావచ్చు. కాబట్టి మళ్లీ మొదటి నుంచి ప్రారంభించాను.

1841 జూన్ 6న తీసిన జనాభా లెక్కల్లో నేతగాడి ఇంట్లో ఆయన, అక్క, ముగ్గురు పిల్లలు, చివరి పంక్తిలో చెల్లెలు ఉన్నారు. ఆ ఏడాది లెక్కల్లో ఇంట్లోవారి మధ్య చుట్టరికం రాయలేదు, పదిహేనేళ్లు దాటినవారి వయసులను సాధారణంగా కింది ఐదుకు కుదించి రాశారు. అందుకే అక్కకు 25, చెల్లెలికి 20 అని ఉంది. పెద్దాయన ఆ చివరి పంక్తిని అద్దెకు ఉన్న బంధువుగా భావించి వదిలేశారు. 1851 మార్చి 30 నాటి లెక్కల్లో చుట్టరికం, అసలు వయసు, పుట్టిన ఊరు మూడూ ఉన్నాయి. ఆ ఇంట్లో నేతగాడి భార్యగా ఉన్నది చెల్లెలు. వయసు అక్కకు ఉండవలసిన దానికంటే నాలుగేళ్లు తక్కువ. ఆడవాళ్లు వయసు తగ్గించి చెప్పారనుకుంటే ఇట్టే కలిసిపోయే తేడా అది.

అక్క ఖనన నమోదు దొరకడం కష్టం కాలేదు, అది ఆమెదేనని రుజువు చేయడమే కష్టమైంది. 1813 నుంచి వాడుకలో ఉన్న ఖనన పత్రంలో పేరు, నివాసం, తేదీ, వయసు, క్రతువు జరిపిన పాదిరి పేరు మాత్రమే ఉంటాయి. ఫలానా వారి భార్య అని రాసే చోటు లేదు. అదే పేరున్న స్త్రీలు ఆ పారిష్‌లో ఎందరో. అందువల్ల పౌర నమోదులోని మరణ ధ్రువపత్రం తెప్పించాను. అక్కడ వృత్తి గడిలో ‘నేతగాడి భార్య’ అని భర్త పేరుతో సహా ఉంది, కారణం కాన్పు తర్వాత వచ్చిన జ్వరం. చనిపోయే వేళ దగ్గర ఉండి, రిజిస్ట్రార్‌కు వివరం చెప్పిన మనిషి చెల్లెలు. ఆ గడి చదువుతూ చాలాసేపు కూర్చున్నాను.

ఇక మిగిలింది రెండో పెళ్లి. సెయింట్ పీటర్స్‌లో లేదు. లిటిల్ బోల్టన్‌లోని సెయింట్ జార్జ్, ఆ దగ్గరి హోలీ ట్రినిటీ, పక్క పారిష్ డీన్‌లోని సెయింట్ మేరీ, ఎక్కడా లేదు. ఇన్ని చోట్ల లేకపోవడాన్ని నేను మొదట ‘పెళ్లి చేసుకోకుండానే కలిసి ఉన్నారు’ అని రాసుకోబోయాను. తెలుగు ఇంట్లో పుట్టిన నాకు ఇక్కడ దాగి ఉన్న అడ్డంకి వెంటనే తట్టలేదు. భార్య పోయినవాడు పిల్లల మొహం చూసి మరదలిని చేసుకోవడం మనకు వింతేమీ కాదు, పెద్దలే కూర్చుని ఆ మాట కదిపిన ఇళ్లు మన బంధువుల్లో ఉండనే ఉంటాయి. ఇంగ్లండ్‌లో వావి వరస వేరు. చిన్నాన్న కూతురిని చేసుకోవడానికి అక్కడ చట్టం అడ్డు చెప్పదు, మనకు ఆ మాటే నోట రాదు. చనిపోయిన భార్య చెల్లెలిని చేసుకోవడం మాత్రం అక్కడ నిషిద్ధం. చేసుకోకూడని వరసల పట్టిక అచ్చువేసి గుళ్లలో గోడకు వేలాడదీసేవారు. 1835కు ముందు అలాంటి పెళ్లిని ఎవరైనా కోర్టుకు ఎక్కి రద్దు చేయించాలి, అంతవరకూ అది చెల్లేది. ఆ ఏడాది ఆగస్టు 31 తర్వాత జరిగినదైతే పుట్టుకతోనే చెల్లదని ఆ సంవత్సరపు చట్టం తేల్చేసింది. అయినా జనం ఆగలేదు. ఇలాంటి పెళ్లిళ్లు ఎంతగా జరుగుతున్నాయో విచారించడానికి 1847లో ప్రభుత్వం ఒక రాయల్ కమిషన్‌నే వేయవలసి వచ్చింది.

ఈ వెలుగులో చూస్తే బోల్టన్ గుళ్లలో ఆ నమోదు లేకపోవడమే ఒక సాక్ష్యంగా మారింది. అక్క పెళ్లి జరిగిన గుడి, ఆమె పిల్లలకు బాప్తిస్మం ఇచ్చిన గుడి, ఆమెను పాతిపెట్టిన గుడి ఒకటే. ఆ గుడిలో మూడు ఆదివారాలు వాళ్ల పేర్లు కలిపి చదివితే బల్లల మీద కూర్చున్న సగం మందికి అభ్యంతరం గుర్తుకు వస్తుంది. కాబట్టి వాళ్లు ఎవరూ ఎరగని చోటుకు వెళ్లి ఉండాలి, ఆ రోజుల్లో అలాంటి చోటు పది పన్నెండు మైళ్ల దూరంలోనే ఉంది. 1838 నుంచి బోల్టన్, మాంచెస్టర్ల మధ్య రైలు నడుస్తోంది.

మాంచెస్టర్ కాలేజియేట్ గుడి, 1847లో కెథీడ్రల్ అయినది, అంతటి మహానగరానికీ పాత పారిష్ గుడి. అక్కడ పెళ్లిళ్లు గుంపులుగా జరిగేవి. అంతకు ముందు తరంలో, 1821లో కన్నుమూసిన జాషువా బ్రూక్స్ అనే పాదిరి జంటల్ని వరుసలో నిలబెట్టి ఒకేసారి పెళ్లి మంత్రం చదివేవాడని, ఎవరి పక్కన ఎవరున్నారో తికమకపడితే ‘బయటికి వెళ్లేటప్పుడు జతలు సరిచూసుకోండి’ అనేవాడని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మాట ఎంత నిజమైనా, అక్కడి రిజిస్టర్ తిరగేసినవారికి ఆ ఒత్తిడి కళ్లకు కడుతుంది. మిల్లులకు సెలవు ఉండే క్రిస్మస్ నాడు, ఈస్టర్ సోమవారం నాడు పేజీల తరబడి ఒకే తేదీ, ఒకే చేతిరాత. అంత జనంలో ప్రకటన చదివినా వినేవారికి అది రెండు పేర్ల చప్పుడే. పైగా ప్రకటనల మీద జరిగిన పెళ్లిలో జంట నిజంగా ఆ పారిష్‌లో కాపురమున్నారా లేదా అని తర్వాత రుజువు అడగడానికి చట్టంలో వీలులేదు.

అక్కడ వెతకడానికి పౌర నమోదు సూచిక సాయపడింది. ఆ కాలపు వివాహ సూచికలో భార్య పేరు పక్కన భర్త పేరు ఉండదు, ఆ సదుపాయం 1912 నుంచే. కానీ సంపుటం, పేజీ సంఖ్యలు ఉంటాయి, ఒక పేజీ సంఖ్య కిందికి వచ్చే పేర్లు కొద్దే. మాంచెస్టర్ జిల్లాలో, 1840ల తొలి భాగంలో, ఒకే పేజీ సంఖ్య కింద నేతగాడి పేరూ చెల్లెలి పేరూ కలిసి కనబడ్డాయి. ధ్రువపత్రం తెప్పిస్తే వరుడు విధురుడు, నేతగాడు, వధువు పెళ్లికానిది, ఇద్దరికీ నిండు వయసు, ఇద్దరి నివాసం మాంచెస్టర్‌లోని ఒకే వీధి. వధువు తండ్రి పేరు కుటుంబానికి తెలిసిన పేరే, ఆయన వృత్తీ నేతే.

ఇక్కడ ఆగిపోవచ్చని చాలామంది అనుకుంటారు, కానీ ఆగకూడదు. కేంద్ర కార్యాలయం ఇచ్చే ధ్రువపత్రం గుడి రిజిస్టర్‌కు నకలు. పాదిరి మూడు నెలలకోసారి ఎత్తి రాసి పంపిన ప్రతి అది; అందులోని సంతకాలన్నీ ఒకే చేతివి. బిషప్‌కు పంపే పాత నకళ్ల సంగతీ అంతే. నిజమైన సంతకాలు గుడిలో ఉంచిన రిజిస్టర్‌లోనూ, దానితోపాటే నింపే జంట ప్రతిలోనూ మాత్రమే ఉంటాయి. కాబట్టి గుడి రిజిస్టర్ పేజీ బొమ్మ సంపాదించి, బోల్టన్ పేజీ పక్కన పెట్టి చూశాను.

బోల్టన్‌లో సాక్షిగా, మాంచెస్టర్‌లో వధువుగా, చెల్లెలు తన పేరు తానే రాసింది. ఆమె ఇంటిపేరు చివర రెండు ‘టీ’లు. మాంచెస్టర్ పాదిరి పైగడిలో ఒక్క ‘టీ’తో సరిపెట్టాడు, ఎందుకంటే వినికిడికి తేడా తెలియదు. ఆమె మాత్రం రెండుచోట్లా రెండూ రాసింది. ఆ రెండింటి మీదా ఒకే అడ్డగీత, ఎడమ నుంచి కుడికి కొద్దిగా ఎక్కుతూ వెళ్లి, చివరి అక్షరం దాటి చిన్న తోకగా ఆగుతుంది. సొంత పేరులోని మొదటి అక్షరం దగ్గర రెండుచోట్లా కలం నొక్కిపట్టి సిరా ముద్దయింది. మాంచెస్టర్ సంతకంలో వేగం కాస్త ఎక్కువ. పక్కన నేతగాడిది మళ్లీ నిశానే. సాక్షులిద్దరూ ఆ రోజంతా ప్రతి జంటకూ సంతకం పెట్టినవాళ్లు; ఇంటివైపు నుంచి ఒక్కరి పేరూ లేదు. అక్క పెళ్లికి చెల్లెలు వచ్చింది, చెల్లెలి పెళ్లికి ఎవరూ రాలేదు, లేదా ఎవరినీ పిలవలేదు.

చేతిరాత ఒక్కదాని మీదే తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు, అందుకే మరో రెండు పరీక్షలు పెట్టుకున్నాను. సెయింట్ పీటర్స్ బాప్తిస్మ రిజిస్టర్‌లో నాలుగేళ్ల తేడాతో ఇద్దరు అమ్మాయిల నమోదులు దొరికాయి. 1813 తర్వాతి అచ్చు పత్రం కాబట్టి తల్లిదండ్రుల పేర్లు, ఉన్న చోటు, తండ్రి వృత్తి అన్నీ ఉన్నాయి, రెండింటిలోనూ అవే. తర్వాత చెల్లెలి పేరుతోనే ఆ దశాబ్దంలో పారిష్‌లో బాప్తిస్మం పొందిన మరో అమ్మాయి ఉందని తేలింది, ఆమె పసితనంలోనే చనిపోయినట్టు ఖనన రిజిస్టర్ చెప్పింది. అప్పుడు గాని నా నివేదికలో ‘బహుశా’ అన్న మాట తీసేయలేదు.

ఈ సంగతి పెద్దాయనకు ఫోన్‌లో చెప్పడం సరికాదని ఆయన ఇంటికే వెళ్లాను. నా మొదటి ఉత్తరం తప్పని ముందుగా చెప్పి, రెండు పేజీల బొమ్మలు బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఆయన పుట్టింది ఏడో సంతానం శాఖలో, అంటే చెల్లెలి వైపు. ఆనాటి చట్టం కళ్లకు ఆ ఐదుగురు పిల్లలూ పెళ్లి లేకుండా పుట్టినవారే అన్నది ఆయనకు దాచలేదు. దానితోపాటే 1907 నాటి చట్టం గురించి కూడా చెప్పాను. చనిపోయిన భార్య చెల్లెలిని చేసుకోవడాన్ని అనుమతించిన ఆ చట్టం, అప్పటికే జరిగిపోయిన అలాంటి పెళ్లిళ్లను కూడా, కొన్ని మినహాయింపులతో, ఆ కారణం మీద చెల్లవనకూడదని రాసింది. ఆయన చాలాసేపు ఆ రెండు ‘టీ’ల మీద వేలు ఆనించి చూస్తూ ఉండిపోయారు. తర్వాత అడిగింది ఒక్కటే: అక్క పిల్లలు ముగ్గురూ ఏమయ్యారని. 1851 లెక్కల్లో ముగ్గురూ ఆ ఇంట్లోనే ఉన్నారని, పెద్దవాడు అప్పటికే మిల్లులో తెగిన నూలు పోగులు అతికే పనికి వెళ్తున్నాడని ఆ పేజీ తీసి చూపించాను.

పెద్దాయన సొరుగు తీసి రబ్బరు తెచ్చుకున్నారు. ‘ముద్దుపేరు’ అన్న మాట చెరిపి, నేతగాడి పేరు నుంచి రెండో గీత గీసి, చెల్లెలి పేరును రెండు ‘టీ’లతో రాశారు.